మస్తాన్ పోసిన మిద్దె

ఇతరుల ఇళ్ల బరువు మోసి బతికినవాణ్ణి నేను. కారే మిద్దెలు, వాస్తుకు పనికిరాని మెట్లు, అన్నదమ్ములు వేరుపడ్డాక అడ్డమైన గోడలు, ఇవన్నీ కోసి, ముక్కలు చేసి, ట్రాక్టరుకెత్తి ఊరి బయట పారబోసి వచ్చేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటే వాటిలో ఒక్కటీ నా వెంట వచ్చేది కాదు. ఒక్కటి వచ్చింది. జమ్మలమడుగులో ఒక ఇంటి మిద్దెలోంచి నేను కోసి తీసిన ముక్క. దాన్ని పారబోసిన గుంతలో ఈపాటికి తుమ్మచెట్లు లేచి ఉంటాయి. నా మీది నుంచి మాత్రం అది దిగలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఇంకేదో వచ్చింది. ఒక హాస్యం. ఒక గొప్ప. నా నోరు అలాంటిది. ఇప్పుడు మీకెందుకు చెబుతున్నాను? మీ ముఖం నాకు కనబడదు కాబట్టా? మీరు అసహ్యించుకున్నా నాకు తెలియదు కాబట్టా? ఏమో. మీరు కాసేపు కూర్చోండి, చాలు.

ముందు నేనెవరో నాలుగు మాటలు. ప్రొద్దుటూరికి కాంక్రీటు కోసే మిషను మొట్టమొదట తెచ్చినవాణ్ణి నేనే. బంగారు అంగళ్ల వీధిలో ఒక మూడంతస్తుల మేడకు బాల్కనీ కోసి దించాను. ఎదురింటి అరుగు మీద ఒకామె కారం దోసెలు పోస్తూ ఉంది. పెనం మీద దోసె కూడా అదరలేదు. పులివెందులలో ఒక పెద్దాయన ఇంట్లో నేల కింద పైపు పగిలితే, బండ మీద చెవి పెట్టి విని, ఇదిగో ఇక్కడ అని జానెడు మేర కోశాను. నీళ్లు చిమ్మి నా మీసం తడిసింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇందులో నిజమెంత? మిషను మొదట తెచ్చింది నేను కాదు. తెచ్చినాయన వాడి వాడి అరగదీసినదాన్ని నేను కొన్నాను. దోసె అదరకపోవడమేమిటి, దోసెలు పోసే ఆమె పెనం వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. పులివెందుల పైపు దొరికిన మాట నిజమే, కానీ అది నేను తవ్విన నాలుగో గుంత. చప్పట్లు లేవు. పెద్దాయన తిట్లున్నాయి.

చూశారా, మీ దగ్గర కూడా ఆగలేకపోయాను. ఊళ్లో నన్ను కోతల మామ అనేవారు. ఆ పేరు మిషనుకా నోటికా అని ఎవరైనా అడిగితే రెంటికీ అని నేనే చెప్పి నవ్వేవాణ్ణి. గొప్ప చెప్పడం, కాసేపు దాని మీద కూర్చోవడం, మళ్లీ నేనే దాన్ని పడగొట్టి జనాన్ని నవ్వించడం నాకొక ఆట. చిన్న అబద్ధాలు ఒప్పుకుంటూ పోతే మనిషి ఎంత నిష్కపటంగా కనిపిస్తాడో మీకు తెలుసా? నాకు తెలుసు. నలభై గొప్పలు పడగొట్టి, నలభై ఒకటోదాన్ని వాటి వెనక నిలబెట్టాను. దాన్ని ఎవరూ తట్టి చూడలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మిద్దెను కోసేవాడు, దాన్ని పోసినవాణ్ణి అడగాలి. పోసిన మేస్త్రీ బతికుండి, చుట్టుపక్కలే ఉంటే, ఆకూ వక్కా పట్టుకుని వాళ్ల ఇంటికి పోవాలి. అప్పా, ఫలానావాళ్ల మిద్దె కోస్తున్నాను, కంబీలు ఎటు నుంచి ఎటు పరిచావు, ఎక్కడ ఒత్తుగా కట్టావు అని అడగాలి. కాంక్రీటు గట్టిపడ్డాక లోపల ఏముందో పైకి తెలియదు కదా. లోపలున్న ఇనుప కంబీలే బరువంతా మోస్తాయి. వాటిని పరిచినవాడు, మూసినవాడు మేస్త్రీ. ఎన్నేళ్లయినా వాళ్లకు అది గుర్తుంటుంది, బిడ్డ ఒంటి మీది పుట్టుమచ్చలు తల్లికి గుర్తున్నట్టు. తాము పోసిన మిద్దెను కోయబోతున్నారని వింటే కొందరు మేస్త్రీలు వక్క నములుతూ ఎటో చూస్తారు. తర్వాత లేచి, బొగ్గుముక్కతో నేల మీద గీసి చూపిస్తారు.

నేను అడిగేవాణ్ణి కాదు. నాకు చెవి ఉందని చెప్పుకునేవాణ్ణి. మా ఊరి కంసాలి నాణేన్ని రాతి మీద వేసి, మోతను బట్టి బంగారం సంగతి చెప్పినట్టు, నేను సుత్తితో మిద్దె మీద నాలుగు దెబ్బలేసి కంబీ ఎక్కడుందో చెబుతానని. జనం నమ్మారు. అది ఫరవాలేదు. కొన్నేళ్లకు నేను కూడా నమ్మాను.

రాష్ట్రం రెండైన కొత్తలో అనుకోండి. జమ్మలమడుగు నుంచి వెంకటసుబ్బయ్య సారు కబురు పెట్టారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మెత్తటివాడు. ఆయన భార్య పార్వతమ్మ బయటి మెట్ల మీద రెండుసార్లు జారిపడింది. మెట్లు ఈశాన్యంలో ఉన్నాయి, అందుకే ఇట్లా అవుతోంది, నైరుతికి మార్చండి అని ఎవరో వాస్తు చెప్పారు. నైరుతిలో ఉన్నది ఒక పొడుగాటి గది. దాని పైకప్పులో మెట్లు పట్టేంత మేర కోసి తీయాలి. మొదటి కోత రాహుకాలం రాకముందే పడాలని ముహూర్తం కూడా పెట్టించారు. మిద్దెను కోయడానికి ముహూర్తమేమిటని నవ్వకండి. మా వైపు బోరు వేయడానికీ, బండి కొనడానికీ, చీనీ తోటలో మొదటి కాయ తెంపడానికీ ఉంది, దీనికెందుకుండదు?

ఆ ఇల్లు కట్టింది మస్తాన్. మేస్త్రీగా తన చేతి మీద తాను పోసిన మొదటి మిద్దె అది. అప్పుడతను కుర్రవాడు. నేను కోయడానికి వెళ్లేనాటికి జమ్మలమడుగులో పేరున్న మేస్త్రీ, సారు ఇంటికి రెండు వీధుల అవతలే ఉన్నాడు.

ఆ పొద్దున మిషను దించుతుంటే సారే అన్నారు.

“మన మస్తాన్‌ను ఒక మాట పిలిపిస్తునా? ఆయప్ప పోసిందే కదా ఇది.”

“ఎందుకు సార్, ఆయప్ప వచ్చి నా మిద్దె నా మిద్దె అని ఏడుస్తా కూచుంటాడు. నా సుత్తి ఉండాది కదా, అదే చెప్తాది” అన్నాను.

పార్వతమ్మ లోపలి నుంచి కేకేసింది. “నీ సుత్తి చెప్పేది సరే గానీ నువ్వు చెప్పేది తగ్గించు నాయనా. ముహూర్తం దాటిపోతాండాది ఆడ!”

అందరం నవ్వాం. ఆ నవ్వు మీదే మెట్లెక్కి మిద్దె మీదికి పోయాను. సుత్తితో తట్టాను. తల వంచి, కళ్లు మూసుకుని విన్నాను, చూసేవాళ్ల కోసం. ఏం వినబడిందంటారా? టక్ మంది. ఎక్కడ కొట్టినా టక్ మంది. అన్ని మిద్దెలూ టక్ మంటాయి. ఎన్నడూ అంతకంటే ఎక్కువ నాకు వినబడలేదు. ఇన్నేళ్లూ నాకున్న చెవి అంతే.

గీతలు గీయించాను. కింద గదిలో మిద్దెను పట్టి నిలిపే ఇనుప జాకీలు ఆనించారు, మామూలు మిద్దెకు ఆనించినట్టే. కోత మొదలైంది.

ఆ కోత ఇప్పటికీ నా మధ్యాహ్నపు కునుకుల్లోకి వస్తుంది. కలలో మిషనుకు చప్పుడుండదు. బ్లేడు వేడెక్కకుండా నీళ్లు పోస్తూ ఉంటారు, ఆ నీళ్లు సిమెంటు పొడితో కలిసి తెల్లగా, చిక్కగా, పాలలా మిద్దె వాలుకు పారుతుంటాయి. చూరు దగ్గర తీగకట్టి కింది మందార చెట్టు మీద పడుతుంటాయి. ఆకులన్నీ తెల్లబడిపోతాయి. ఎండలో వీధి తెల్లగా, పెన్న ఇసుక తెల్లగా, నా చేతులు తెల్లగా. నేను వెన్నను దారంతో కోస్తున్నట్టుంటుంది. ఎక్కడా ఏదీ అడ్డు తగలదు. ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. తర్వాత ఎక్కడి నుంచో, చాలా దూరం నుంచి, సన్నటి ఈల వినబడుతుంది. మెలకువ వస్తుంది.

ఆ ఈల నిజంగా వినబడింది. బ్లేడుకు ఒక కంబీ తగిలితే ఒకసారి కీచుమంటుంది, నిప్పురవ్వలు లేస్తాయి, దాటిపోతుంది. ఆ చోట అది దాటిపోలేదు. కీచుమంటూనే ఉంది. ఒకదాని పక్కన ఒకటి, ఒత్తుగా, లావుగా కంబీలు. అప్పుడు అర్థమైంది. అంత పొడుగు గదికి నడిమి గోడ లేదు. అందుకని మస్తాన్ మిద్దె మందంలోనే ఒక దూలాన్ని దాచాడు. కింద నుంచి చూస్తే చదునుగా ఉంటుంది, లోపల మాత్రం కంబీల కట్ట. ఆ గది కప్పంతా దాని మీదే నిలబడి ఉంది. నేను దాన్ని అడ్డంగా కోస్తున్నాను.

తెలియక కోశానని చెప్పుకోవచ్చు. మొదటి కంబీ దాకా అది నిజం. తర్వాతివి తెలిసి కోశాను. మిషను ఆపడానికి వేలు కదిపితే చాలు. ఎందుకు ఆపలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో. అన్నం వేళకు గదిలోకి ఆకాశం తెప్పిస్తానని పార్వతమ్మకు మాటిచ్చాను. వీధిలో జనం తలలెత్తి చూస్తున్నారు. ఆపితే నేను దిగి, మస్తాన్ ఇంటికి నడిచి, అప్పా నా సుత్తికి తెలియలేదు, వచ్చి చూడు అనాలి. రెండు వీధుల దూరం. ఆ రెండు వీధులు నడవలేక బ్లేడును ఇంకొంచెం అదిమాను.

ముక్క విడిపోయింది. కాసేపు ఏమీ కాలేదు. ఆ కాసేపట్లో నేను బతికిపోయానని కూడా అనుకున్నాను. తర్వాత మిగిలిన మిద్దె, అలసిన ముసలాయన అరుగు మీదికి వాలినట్టు, నిదానంగా ఒక పక్కకు దిగింది. ఒక పగులు ముందు గది దాకా నడుచుకుంటూ పోయింది. కింద ఎవరూ లేరు. మజ్జిగ తాగండని పార్వతమ్మ అందరినీ పెరట్లోకి పిలిచి అప్పటికి చాలాసేపు కాలేదు. నా మనుషులు పరుగెత్తి, ఉన్న జాకీలన్నీ తెచ్చి ఆనించి, ఆ దిగడాన్ని ఆపారు. ప్రొద్దుటూరులో ఈ కథ నేను చెప్పినప్పుడు, నేనే కిందికి దూకి భుజం ఆనించాను అని చెప్పాను. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

దుమ్ము అణిగాక అందరం గదిలోకి వచ్చి నిలబడ్డాం. ఆ గదిలోకి ఎన్నడూ రాని ఎండ నేల మీద దుప్పటి పరిచినట్టు చదరంగా పడి ఉంది. అందులో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. పార్వతమ్మ జుట్టు, రెప్పలు, భుజాలు తెల్లబడి, ఎవరో ముసలి దేవతలా ఉంది. ఎవరైనా నన్ను తిట్టి ఉంటే, ఒక దెబ్బ వేసి ఉంటే, నిజం వచ్చేదేమో. సారు నెమ్మదిగా, నా మీద దయతో అడిగారు.

“ఏమాయప్పా?”

“కంబీ లేదు సార్. మేస్త్రీ కంబీ తినేసినాడు” అన్నాను.

అనుకుని అనలేదు. అది నిజమే. కానీ అనుకోకుండా జారిన మాటను అక్కడే తుడిచేయవచ్చు. నేను తుడవలేదు. దాని చుట్టూ గోడ కట్టాను. దగ్గరికి రాకండి, ఇంకా పడుతుంది అని అందరినీ, నా మనుషులను కూడా, బయటికి పంపాను. కోసిన అంచుల్లో, దగ్గరికి పోయి చూస్తే, కంబీల మొనలు గుత్తులుగా కనబడుతున్నాయి. వాటిని లోపలికంటా కోసి, పైన సిమెంటు మెత్తాను. తీసిన ముక్కను బ్రేకరుతో పెళ్లలు పెళ్లలుగా పగలగొట్టాను. మామూలుగా ఆ పెళ్లలు వారం పది రోజులు ఇంటి ముందే పడి ఉంటాయి. గుంతలు పూడ్చుకోవడానికి ఎవరికి కావాలంటే వాళ్లు ఎత్తుకుపోతారు. ఆ రోజు నేను పొద్దు వాలకముందే అన్నీ ట్రాక్టరుకెత్తించి, ముద్దనూరు దారిలో వదిలేసిన ఒక రాళ్ల గుంతలో నేనే దగ్గరుండి పోయించాను. వెళ్లేముందు పార్వతమ్మ అందరి ముందూ మెచ్చుకుంది. పని అంటే ఇట్లా ఉండాల, ఒక్క రాయి మిగలనీలేదు, అని.

ఇంతే నేను చేసింది. దీనికి ఏ పేరు పెట్టాలి? దొంగతనమా? నేనేమీ ఎత్తుకుపోలేదు, చెత్త తప్ప. ఆ చెత్తలో ఒక మనిషి నిజాయితీ ఉంది. కళ్లున్న ఎవడైనా వచ్చి చూస్తే, కంబీలు సరిగ్గా ఉన్నాయని చెప్పడానికి లోకంలో ఉన్న సాక్ష్యమంతా ఆ ట్రాక్టరులోనే ఉంది.

మస్తాన్ మరుసటి పొద్దున్నే సారు ఇంటికి వచ్చాడట. వాకిట్లోనే నిలబడి, ఒక్క పెళ్ల చూపించండి సార్, ఒక్కటి చాలు అన్నాడట. అన్నీ ఎత్తేశారప్పా అన్నారట సారు. ఆయన అబద్ధమాడలేదు పాపం. తర్వాత మస్తాన్ కొన్నాళ్లు పెన్న ఒడ్డున జనం చెత్త పోసే చోటల్లా తిరిగాడని విన్నాను. వంగి, ఒక్కొక్క పెళ్లనూ తిప్పి చూస్తూ. తన మిద్దె ముక్కను చూస్తే గుర్తుపడతానని అనుకున్నాడేమో. గుర్తుపట్టేవాడే. అతను వెతికిన దిక్కు వేరు.

నా కోసం ప్రొద్దుటూరు కూడా వచ్చాడు. రెండుసార్లు. రెండుసార్లూ నేను షెడ్డు వెనక మిషను చాటున నిలబడి, ఊళ్లో లేడని చెప్పించాను. రెండోసారి అతను చాలాసేపు పోలేదు. నా మనుషులకు బీడీలిచ్చి, వాళ్లతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నవ్వుతున్నాడని నాకు ధైర్యం వచ్చింది. అంత పెద్ద విషయమేమీ కాదులే అనుకున్నాను. మనిషి తనకు కావాల్సిన చోట ఎంత చిన్న నవ్వునైనా ఎంత పెద్దగా చూస్తాడో.

జమ్మలమడుగులో మస్తాన్ పోసిన మిద్దెల కింద పడుకోవడానికి జనం జంకారు. ఒప్పుకున్న పనులు ఒక్కొక్కటే జారిపోయాయి. నాకు మాత్రం పనులు వచ్చిపడ్డాయి. ఫలానా మిద్దె గుట్టు విప్పినవాడు, ఇంటిల్లిపాదినీ కాపాడినవాడు అని. సారు నన్ను పిలిచి, బంధువుల ముందు శాలువా కప్పారు. కప్పుకున్నాను. ఏం చేయమంటారు, వద్దంటే ఎందుకని అడుగుతారు కదా. చలికాలంలో మా ఆవిడ దాన్ని తీసి ఇచ్చేది. గుచ్చుకుంటోంది అనేవాణ్ణి. మెత్తగా ఉంది కదా అని దాన్ని చేత్తో తడిమి చూసేది.

మస్తాన్ పులివెందులకు మారిపోయాడు. బాత్రూముల్లో టైల్స్ పరుస్తున్నాడని, చీనీ తోటల్లో నీళ్ల తొట్లు కడుతున్నాడని అప్పుడప్పుడూ చెవిన పడేది. మిద్దె మాత్రం మళ్లీ పోయలేదు.

కొన్నేళ్లకు, శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయి తిరిగి వస్తూ పులివెందులలో బస్సు మారాను. బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో ఉగ్గాని బజ్జీ తింటున్నాను. ఎదుటి బల్ల మీదికి ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో తెల్ల సిమెంటు. తల నెరిసింది. నన్ను చూసి ముఖమంతా నవ్వాడు.

“ఏం మామా, గుర్తుపడితివా? ప్రొద్దుటూరులో యాడ దాక్కోనుంటివి, మిషను కిందనా?”

నాకు బజ్జీ గొంతులో అడ్డం పడింది. అతనే నీళ్లగ్లాసు జరిపాడు.

“తాగు తాగు. నేనేం కొట్టను గానీ. శానా దినాల్నుంచి ఒక మాట అడగాలని ఉండాది.”

“అడుగప్పా.”

“సారోళ్ల మిద్దె నువ్వే కోస్తివి. లోపల చూసినోడివి నువ్వొక్కనివే. ఆ గదిలో నడిమధ్యన ఒత్తుగా కంబీలు ఏసినానని నాకు బాగా గుర్తుండాది. ముందు గుర్తుండె. ఇప్పుడు...” అతను అరచేత్తో బల్లను నిమిరాడు, టైలును సరిచూసుకున్నట్టు. “అందరూ ఏయలేదు, ఏయలేదు అని చెప్తాంటే నాకే అనుమానం వస్తాంది మామా. ఆ పొద్దు ఎండ శానా. మొదటి మిద్దె కదా, బెదురుగా ఉండె. ఒకవేళ మరిచిపోతినేమో. కండ్లు మూస్తే చాలు, కంబీలు కట్టుకుంటా కూచుంటా. కట్టి చూస్తే ఉండవు. నువ్వు చెప్పు. ఉండెనా, లేకుండెనా? తప్పు నాదైతే నాదే అనుకుంటా. తెలిస్తే చాలు.”

చూడండి. అతను నన్ను నిందించడానికి రాలేదు. పెద్దమనుషుల ముందు చెప్పమనలేదు. హోటల్లో, ఇద్దరి మధ్య, ఒక్క మాట. ఉండె అంటే చాలు. చెబితే నాకు పోయేదేమిటి? అప్పటికి నా మిషను మూలనపడింది, నా చేతులు వణుకుతున్నాయి, నా పేరుతో ఎవరికీ పని లేదు. కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా నేను దాన్ని కాపాడుకున్నాను.

“శానా దినాలాయ కదప్పా” అన్నాను. “నాకేం యాదికి లేదు.”

అతను తల ఊపాడు. “అంతేలే మామా. ఎన్నెన్ని కోసింటావు, అన్నీ యాడ గుర్తుంటాయి” అన్నాడు. నాకు సాకు కూడా అతనే అందించాడు. నా బస్సు వచ్చిందని చూసి, సంచి అందుకుని ఎక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి ఊపాడు.

మొదటి అబద్ధం భయంలో ఆడాను. మీరు కావాలంటే దాన్ని క్షమించవచ్చు, నేనడగను. రెండోది కడుపు నిండా తిని, చెయ్యి కడుక్కుని, నింపాదిగా ఆడాను. మొదటిదానితో ఊరికి మస్తాన్ మీద నమ్మకం పోయింది. రెండోదానితో మస్తాన్‌కు మస్తాన్ మీద పోయింది. ఏది పెద్దదో చెప్పడానికి నాకు ఏ త్రాసూ అక్కర్లేదు.

మొన్నటి వేసవిలో అతను పోయాడని తెలిసింది. పులివెందుల వెళ్లాను. నేను వెళ్లేసరికి మట్టి చేసి వస్తున్నారు. శ్మశానం గోడ నీడలో అతని కొడుకు నిలబడి, వచ్చినవాళ్ల చేతులు పట్టుకుంటున్నాడు. అతనూ టైల్స్ పనే. మోకాళ్ల దగ్గర ప్యాంటు అరిగి ఉంది. నా చెయ్యి కూడా పట్టుకున్నాడు.

“మా నాయన మీకెట్ల తెలుసు?” అన్నాడు.

“ఇద్దరిదీ ఒకటే పనిలే అప్పా. మీ నాయన మంచి మేస్త్రీ.”

పిల్లవాడు కొంచెం సిగ్గుగా నవ్వాడు. తండ్రి గురించి ఎక్కువ చేసి చెబితే సరిదిద్దాలనుకునే నికార్సయిన నవ్వు. అబద్ధాన్ని ఒంటి మీద ఉంచుకోలేని మనుషులు వాళ్లు.

“టైల్స్ బాగా పరుస్తాండె. మిద్దె పోసేది మాత్రం ఆయనకు రాదు పెద్దాయనా. జమ్మలమడుగులో ఒకటి పోసి చెడగొట్టుకున్న్యాడంట. మాకు ఆయనే చెప్పినాడు. మీరు అట్ల చేయాకండి, రాని పనికి పోవాకండి అని.”

మధ్యాహ్నం. గోడ నీడ సన్నగా మా కాళ్ల దగ్గరికి వచ్చింది. అవతల తోటల మీద ఎండ నీళ్లలా కదులుతోంది. అంతా ఎవరిదో కలలో నేను నిలబడినట్టుంది, ఆ కలను ఆపడానికి నేను ఒక మాట అంటే చాలన్నట్టుంది. నేను అతని చెయ్యి ఇంకొంచెంసేపు పట్టుకున్నాను. అంతే చేశాను. తర్వాత వెనక ఇంకెవరో పలకరించడానికి వస్తే జరిగి చోటిచ్చాను.

కాబట్టి ఇది రాస్తున్నాను. ఇందులో నేను పెంచింది ఏదైనా ఉంటే పైన ఉంది, ఇకపై లేదు. అతని పేరు మార్చలేదు, మస్తాన్. నా పేరు రాయలేదు. ఇంతా చెప్పి ఆ ఒక్కటీ దాచుకున్నాను, చూడండి నా సంగతి. కానీ జమ్మలమడుగులో సారోళ్ల వీధివాళ్లెవరైనా చదివితే ఆ పేరు వాళ్లకు అక్కర్లేదు. తెలియనీ. చేతనైతే పులివెందులకు మోసుకుపోయి ఆ పిల్లవాడికి చదివి వినిపించండి. అతను నన్ను ఏమన్నా అననీ. అన్నా అనకున్నా అతని తండ్రికి వినబడదు, నాకు దాంతో తీరేదీ లేదు. ఒక్కటి మాత్రం. ఈ కింది మాట రాస్తుంటే, చాలాకాలానికి నా చెయ్యి వణకలేదు.

అప్పా, ఆ దూలం నిండా కంబీలుండె. లావువి, ఒత్తుగా, ఒక్కటీ తగ్గకుండా. వాటిని కోసింది నేను. మీ నాయనకు మిద్దె పోసేది వచ్చు. శానా బాగా వచ్చు.